కాలువకు వెళ్లే దారి

ఉన్ని కత్తిరించే ముందు గొర్రెల్ని కడగాలి. శ్రీరమ్య ప్రతిసారీ చేల పక్క కుంటలు వదిలి, వాటిని హైవే దాటించి కాలువకే తోలుకెళ్లేది. పురుగుమందు సోకని ఉన్ని అయితేనే తీసుకుంటామని కంబళ్లు నేసేవాళ్ల సంఘం ముందే చెప్పింది. చిలకలూరిపేట చుట్టుపక్కల వాళ్లడిగే నల్ల ఉన్ని గొర్రెలున్నది శ్రీరమ్య వాళ్ల మందలోనే.

తల్లి సుబ్బరావమ్మకు ఆ హైవే అంటే హడలు.

"లారీవాడికి గొర్రె కనబడుద్దా, ఆడపిల్ల కనబడుద్దా?"

"రెండూ కనబడతాయిలేమ్మా. నీకే లారీ తప్ప ఇంకేం కనబడదు" అని నవ్వేది కూతురు.

ఆ ఉదయం శ్రీరమ్య కత్తెరలు సాన పట్టించుకురావడానికి వెళ్లింది. రాగానే మళ్లీ ఆ రోడ్డు దాటుతుందని, ఆమె వచ్చేలోపే గొర్రెల్ని కడిగేయాలనుకుంది సుబ్బరావమ్మ. మిరపచేల పక్క కుంటలో నీళ్లు తేటగానే ఉన్నాయి. తనే మందను దింపింది. ఒక్కోదాన్నీ ఒళ్లు రుద్ది కడిగింది. ఎండకు అవి కడుపునిండా తాగాయి కూడా.

చేను కౌలుకు చేసే బుడాన్ గట్టు మీంచి కేకేశాడు.

"పిన్నీ, ఆ నీళ్లల్లో దింపావేంది? పొద్దున మందు డ్రమ్ములు అందులోనే కడిగాం."

"తేటగా ఉన్నాయి కదయ్యా."

"మందు కంటికి కనబడుద్దా పిన్నీ? పైకి తోలు, ముందు పైకి తోలు."

మధ్యాహ్నానికి నోట నురగలు మొదలయ్యాయి. పశువుల డాక్టరు సూదులు వేస్తూనే ఉన్నాడు, గొర్రెలు ఒరిగిపోతూనే ఉన్నాయి. సీసాపాలు పట్టి పెంచిన చుక్క అనే గొర్రె, అప్పటికి తిరిగొచ్చిన శ్రీరమ్య ఒళ్లోనే తల వాల్చేసింది. పొద్దు వాలేసరికి సగం మంద లేదు.

సుబ్బరావమ్మ కత్తెర పట్టుకుని చుక్క పక్కన కూలబడింది.

"ఉన్నన్నా దక్కించుకుందామే."

శ్రీరమ్య ఆ చేతి మీద చెయ్యి వేసింది. "వద్దమ్మా. బతికున్నవాటి దగ్గరే తీస్తామని సంఘానికి మాటిచ్చాం. అయినా దీని ఒళ్లంతా మందే."

"నన్ను తిట్టవే."

"నాకేమన్నా అవుద్దనే కదమ్మా దింపావు."

తిట్టినా సుబ్బరావమ్మకు అంత కోత ఉండేది కాదు.

మర్నాడు మిగిలినవాటిని కాలువలో మళ్లీ కడగాలని తోలారు. సుబ్బరావమ్మ ముందు నడిచి, రోడ్డు నడుమ చెయ్యెత్తి నిలబడింది. పత్తి బేళ్ల లారీ ఒకటి దూరం నుంచే నెమ్మదించి ఆగింది. దాని వెనక ఇంకొకటి.

డ్రైవరు తల బయటపెట్టి, "నిదానంగా తోలుకోండమ్మా" అన్నాడు.

ఎవరూ హారన్ కొట్టలేదు. గొర్రెలన్నీ దాటాయి. సుబ్బరావమ్మ మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు.