ఆగకూడని బండి

పొద్దున్నే శౌరి రెండు బండ్లనూ పంచలోంచి వాకిట్లోకి తోసి తుడుస్తాడు. రెండూ ఇటలీ మోటారు సైకిళ్ళే, రెండూ పందేల జాతివే. నరసరావుపేటలో ఆ సంగతి తెలియనివాడు లేడు కాబట్టి, శౌరి గుడ్డ చేతికి తీసుకునేసరికి నలుగురు చేరి ఏది గొప్పదని మొదలెడతారు. రోజూ అదే ప్రశ్న. రోజూ శౌరికి ఒళ్ళు మండుతుంది, రోజూ జవాబు చెబుతాడు.

పాతది తెల్లగడ్డం ఫాదరుది. పడుచుతనంలో పందేల్లో తోలిన ఆ బండిని ఆయన ఇటలీ నుంచి ఓడలో వేయించుకొని వచ్చాడు. వెనక తోలు సీటు కుట్టించి పల్నాడంతా తిరిగాడు. పోయేముందు, తన దగ్గర పనిచేసిన శౌరికి ఇచ్చేశాడు. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కార్బరేటరు మీది బుడిపె నొక్కి, పెట్రోలు తడి వేలికి తగిలాకే కిక్కు కొట్టాలి. తొందరపడితే పిక్క మీద తంతుంది.

కొత్తది ఫాదరు మేనల్లుడిది. ఎనభై నాలుగులో మామ సమాధి చూడ్డానికి ఇటలీ నుంచి దానిమీదే వచ్చాడు. ఇక్కడ కామెర్లు తగిలి, బండిని శౌరికి వదిలేసి విమానమెక్కి వెళ్ళిపోయాడు. దానికి బటన్ నొక్కితే చాలు. గేరు ఎడమకాలికి మారింది. బ్రేకు రెండు వేళ్ళతో పట్టినా నిలబడిపోతుంది. మన రోడ్లు దాన్ని మూడో గేరు దాటనివ్వవు, అయినా గుంటూరుకి బస్సు సగం దూరం పోయేలోపు ఇది చేరుతుంది. వెనక మాత్రం సీటు లేదు, ఎద్దు మూపురం లాంటి దిమ్మ ఉంది.

ఇంత చెప్పాక శౌరి ఎప్పుడూ పాతదాని సీటు మీద చెయ్యేసి ఇదే గొప్పదంటాడు. ఎందుకంటే ఆ సీటు మీద కూర్చున్నవాళ్ళు, చక్రం తిరుగుతున్నంతసేపు చావరు. నూజెండ్ల నుంచి పెదకూరపాడు దాకా అందరికీ తెలిసిన విషయమే అది. పాము కరిచినవాళ్ళనీ, బావిలో పడ్డవాళ్ళనీ దానిమీదే ఆసుపత్రికి తెస్తారు. దిగాక సంగతి వేరు. బండి ఆగిన మరుక్షణం అప్పటిదాకా ఆగిందంతా మళ్ళీ మొదలవుతుంది. ఆసుపత్రి గుమ్మంలోనే కళ్ళు తేలేసినవాళ్ళను శౌరి చాలామందిని చూశాడు. అలా దించిన ప్రతిసారీ వారంపాటు అన్నం సయించేది కాదు.

ఒక వేసవిలో శౌరి భార్య మార్తమ్మకి నొప్పులొచ్చాయి. పెళ్ళయ్యాక శౌరి దంపతులకి ఇద్దరు పుట్టి ఇద్దరూ దక్కలేదు, ఇది మూడో కాన్పు. ఊళ్ళో డాక్టరమ్మ చూసి, ఒంట్లో రక్తం బొత్తిగా లేదని, కాన్పు తర్వాత రక్తం పోవడం ఆగకపోతే ఎక్కించడానికి ఇక్కడ సీసా కూడా లేదని చెప్పింది. ఫాదరు బండి మీదే గుంటూరు తీసుకుపొమ్మంది. రక్తం సిద్ధం చేయించడానికి కొత్తబండి మీద మౌలాలీ ముందు వెళ్ళాలని అనుకున్నారు. పక్కింట్లో పంక్చర్లు వేసే మౌలాలీకి తప్ప ఆ బండి ఇంకెవరికీ లొంగదు.

మార్తమ్మ సీటెక్కి చక్రం కదలగానే నొప్పులు నిలిచిపోయాయి. శౌరికి ప్రాణం లేచొచ్చింది. రైలు గేటు దాకా అంతా బాగానే ఉంది.

గేటు పడి ఉంది. మౌలాలీ టక్కున ఆగి, బండిని ఒరగేసి, గేటు వాసం కిందనుంచి అవతలికి తోసుకొని దూసుకుపోయాడు. శౌరి ఆగలేడు. గేటు ముందు రోడ్డు మీద గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు. మిరపకాయ బస్తాల బళ్ళవాళ్ళు ఎడ్లను పక్కకు లాగి చోటిచ్చారు. ఎంత తిప్పినా రైలు జాడ లేదు. గాలి తగలక ఇంజను కాగిపోతోంది. లోపలి మోత మారడం శౌరి అరికాళ్ళకి తెలుస్తోంది. ఇంకాసేపైతే పట్టేస్తుంది, పట్టేస్తే ఇవాళ్టికి కదలదు.

"బిడ్డ కదలట్లా," అంది మార్తమ్మ వెనకనుంచి. "పటంలో బొమ్మలాగుంది. దీనిమీద నేను చావను, బిడ్డా పుట్టదు."

"ఇప్పుడేం చెయ్యమంటావే?"

"దించు నన్ను. బండి చల్లారనీ. ఈలోపు నేను కంటా."

"రక్తం ఆగకపోతేనో?"

"మళ్ళా ఎక్కించు."

శౌరి ఏడుస్తూ, రైలునీ ఫాదరునీ దేవుణ్ణీ కలిపి తిడుతూ ఇంకో చుట్టు తిప్పాడు. తర్వాత గేటు గది నీడలో ఆపాడు.

గేటుమాన్ భార్య ఖైరున్నీసా మార్తమ్మని లోపలికి తీసుకుపోయింది. ఆగిన నొప్పులన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. రైలు రాకముందే ఆడపిల్ల పుట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని శౌరి నవ్వబోయేంతలో ఖైరున్నీసా బయటికొచ్చింది. మోచేతుల దాకా ఎరుపు.

"ఆగట్లా అబ్బాయ్. బండి తియ్యి."

పిల్లని ఖైరున్నీసా దగ్గరే ఉంచి, పాత చీరతో మార్తమ్మని శౌరి నడుముకి కట్టారు. రైలు పోయింది, గేటు లేచింది. వేడి మీదున్న ఇంజను మాత్రం కిక్కు తీసుకోలేదు. ఎన్నిసార్లు తొక్కినా ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. మార్తమ్మ తల అతని భుజం మీద వాలిపోయింది, వీపు మీద ఆమె ఊపిరి తగలడం లేదు.

"తొయ్యండి," అన్నాడు శౌరి. "చక్రం తిరిగితే చాలు, తొయ్యండయ్యా."

బళ్ళవాళ్ళు, లారీ క్లీనరు, గేటుమానుతో సహా అందరూ వచ్చి తోశారు. చక్రం తిరిగింది, రక్తం ఆగింది, వీపు మీద వెచ్చగా ఊపిరి తగిలింది. అలిసినవాళ్ళు పక్కకు తప్పుకుంటే పొలాల్లోవాళ్ళు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఎవరూ బండిని ఆగనివ్వలేదు. చాలా దూరం పోయాక, పల్లంలో క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంది.

గుంటూరు ఆసుపత్రి మెట్ల మీద మౌలాలీ నిలబడి ఉన్నాడు. మోచేతి మడతలో దూది పెట్టుకొని ఉన్నాడు. పక్కన డాక్టరు, మంచం, వేలాడదీసిన సీసా. ఆపమని డాక్టరు చెయ్యెత్తాడు. శౌరి ఆపకుండా ఆవరణ చుట్టూ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఇంతకుముందు ఈ గుమ్మాల్లో దించినవాళ్ళందరి ముఖాలూ కళ్ళలో తిరుగుతున్నాయి, కాలు బ్రేకు మీదికి పోవడం లేదు.

"ఎన్నాళ్ళు తిప్పుతావయ్యా నన్ను?" అంది మార్తమ్మ. గొంతు పూర్తిగా రావడం లేదు. "పిల్లకి పాలియ్యాల."

శౌరి బ్రేకు తొక్కాడు.

ఆమెను దించగానే రక్తం మళ్ళీ మొదలైంది. ఒకపక్క పోతూనే ఉంది, ఒకపక్క ఎక్కుతూనే ఉంది. వరండాలో కూర్చున్న శౌరికి లోపలేమవుతోందో చెప్పేవాళ్ళు లేరు. పొద్దు వాలేదాకా బండి తాళం పిడికిట్లో పట్టుకొని కూర్చున్నాడు.

మర్నాడు ఖైరున్నీసా పిల్లని గుడ్డలో చుట్టుకొని బస్సులో వచ్చింది. వార్డు గుమ్మంలో పిల్ల ఏడ్చింది. ఇంకా ఎవరూ ఒళ్ళోకి అందివ్వకుండానే, మంచం మీద మార్తమ్మ రైక పాలతో తడిసిపోయింది.