మ్యూజియానికిచ్చిన పడక కుర్చీ

ఆ పడక కుర్చీని వదిలించుకోవడానికి ఆవిడ పడ్డ తంటాలు పగవాళ్ళకి కూడా వద్దు. తాతగారి కుర్చీ అంటూ ఆయనగారు అందులో చేరగిలబడితే, ఇల్లు కూలినా లేచేవారు కాదు. చివరికి "మ్యూజియానికిచ్చేద్దామండీ, మీ తాతగారి పేరు నిలబడుతుంది" అని మునగచెట్టెక్కించి దాన్ని సాగనంపింది. హమ్మయ్య, పీడ విరగడైందనుకుంది.

తీరా చూస్తే మ్యూజియంవాళ్ళు కుర్చీని ఏ హాల్లోనూ పెట్టలేదు. ఆయన బెంగపెట్టుకున్నారు. లోపలి గోదాములు కూడా జనానికి చూపిస్తున్నారని తెలిసి, ఒకసారి కళ్ళారా చూస్తే కుదుటపడతారని ఆవిడే వెంటబెట్టుకుని వచ్చింది.

లోపల చేతులు విరిగిన బొమ్మలు, గుడ్డ కప్పిన గడియారాలు, మూతల్లేని జాడీలు. "ఏదీ ముట్టుకోకండి" అంటూ మ్యూజియం ఆఫీసరమ్మ ఇనుప బీరువాకున్న చక్రం తిప్పితే అది పట్టాలమీద పక్కకి జరిగింది. వెనకాల వరసగా పడక కుర్చీలు! అన్నీ ఒక్క కడుపున పుట్టినట్టున్నాయి.

"అదుగో, మాది!" ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇలాంటిది ఒక్కటుంటే చాలండీ. చోటు లేక మిగతావి ఇచ్చినవాళ్ళకే తిరిగిచ్చేస్తున్నాం. మీది తీసుకెళ్తారా?" అంది ఆఫీసరమ్మ.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన నోరు తెరిచేలోగా అందుకుంది.

"ఎంతమాట! ఉంచుకునే ఆ ఒక్కటీ ఇదే కావాలమ్మా! ఆ చేతుల నునుపు చూడండి, మూడు తరాలు రాసుకుంటే వచ్చింది. ఇది లేక ఇల్లు బోసిపోయింది. అయినా గుండె రాయి చేసుకుని ఇచ్చాం."

"సరే, ఇదే ఉంచుతాం" అంది ఆఫీసరమ్మ.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. పక్కన ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడైంది.

"ఏమే, దీనిమీద నీకింత ప్రేముందా?" ఆయన కళ్ళనిండా నీళ్ళు. "నేనందులో కూర్చుంటే నీకు గిట్టదని ఇచ్చేశాను గానీ, తాతగారి పేరు ఎవడిక్కావాలే! అమ్మా, మాదిచ్చేయండి. మా ఆవిడ కోసం."

ఆ కళ్ళు చూశాక ఆవిడ మాత్రం వద్దని ఎలా అంటుంది?

ఇంటికి రాగానే "ముందు నువ్వే కూర్చో" అని ఆయన పట్టుబట్టారు. కాపురానికొచ్చాక ఆవిడ అందులో కూర్చున్న పాపాన పోలేదు. తీరికెక్కడిది? మొహమాటానికి ఒక్క నిమిషం వెనక్కి వాలింది. నడుంనొప్పి ఎటు పోయిందో!

లేస్తుందేమోనని ఆయన కాసేపు పక్కనే నిలబడ్డారు. లేవలేదు.

"కాఫీ పెట్టండి" అంది.

ఆయన వంటింట్లోకెళ్ళి, కాఫీపొడి డబ్బా ఎక్కడుందని అరిచారు.

"వెతుక్కోండి" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.