ఇక్కడ కూర్చోరాదు

నేను ఒక సిమెంటు బల్లని. రేకు అచ్చులో పుట్టాను. సిమెంటు కన్నా ఇసుక ఎక్కువ పోశారు కాబట్టి మొదటినుంచీ నాది పెళుసు ఒళ్లు. వీపు మీద దాత పేరు, వాళ్ల నాన్నగారి పేరు, ఆయన చేసిన ఉద్యోగం పేరు చెక్కారు. నా మీద నలుగురే కూర్చోగలరు గాని అక్షరాలు మాత్రం అరవై పట్టాయి.

మొదట నన్ను విజయవాడలో ఒక కాలనీ పార్కులో వేశారు. అక్కడ పూలకుండీలు, మూలమూలనా లైట్లు, గేటు దగ్గర కాపలా మనిషి, అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్లు ఆరోగ్యం కోసం నా చుట్టూ గబగబా నడిచేవాళ్లు. కూర్చుంటే అది పోతుందట. సాయంత్రాలు నలుగురు పిల్లలు వచ్చి నా మీద కూర్చుని నవ్వుకునేవాళ్లు. అంతకన్నా ఏమీ చేసేవాళ్లు కాదు. సంఘం కార్యదర్శి విశ్వపతిగారికి ఆ నవ్వు అనుమానంగా తోచింది. "ఎవరి పిల్లలయ్యా వీళ్లు?" అని కేకేశారు. ఒకడు ఆయన కొడుకే అని తేలింది. "పిల్లలు కూర్చోరాదు" అని రాయిస్తే సొంతవాడికే తగులుతుందని, "ఇక్కడ కూర్చోరాదు" అని మాత్రం నా మీద ఎర్రరంగుతో రాయించారు. కూర్చోకూడని బల్ల పార్కులో ఎందుకని తర్వాత ఆయనకే అనిపించింది. నన్ను కొండపేట మెట్ల కింద పడేయించి, పేదలకు సాయం అని ఫొటో కూడా దిగారు.

ఆ పేటలో మెట్ల మీద లైటు వెలిగి రెండేళ్లు. పక్కనే మురుగుకాలువ. కింద ఎవరూ ఆగేవాళ్లు కాదు, చీకటిపడితే ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు. ఎవరి పిల్ల ఇల్లు చేరిందో ఎవరికీ తెలియదు.

నేను వెళ్లిన మర్నాడే మూటలు మోసే దావీదు కూతురు కెజియాతో నా పక్కన నిలబడి అంటున్నాడు. "ట్యూషన్ మానెయ్యమ్మా. నువ్వు ఏడింటికొస్తావు, నేను ఎనిమిదికి గాని రాను. మెట్ల మీద తాగి కూర్చుంటున్నారు. కింద మనిషొకరు ఉంటే వేరు."

"పాలిటెక్నిక్ పరీక్ష రెండు నెలలే కదా నాన్నా," అంది కెజియా, ఏడుపు ఆపుకుంటూ.

చింతపండు బుట్టతో దిగుతున్న పేరంటాలమ్మ నా ముందు ఆగింది. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న మనిషి. కూడబలుక్కుంది. "ఇక్కడ... కూర్చోరాదూ! ఓయమ్మో, ఎంత మర్యాదగా పిలుస్తోందే!" అని కూర్చుంది.

"మామ్మా, అక్కడ దీర్ఘం లేదు. కూర్చోకూడదని!"

"లేకపోతే నువ్వు పెట్టు. ఇంత చదివి దీర్ఘం పెట్టలేవా?"

కెజియా బొగ్గుతో దీర్ఘం పెట్టింది.

"దావీదూ, నా చింతపిక్కలు తీసే పని ఇక్కడే చేసుకుంటా. పిల్లని పోనీ."

"నువ్వు రాని రోజున మానిపిస్తానత్తా."

"వస్తాలేరా!"

వచ్చింది. ఆమె కోసం ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల కబుర్ల కోసం ఒక పింఛను తాత. "ఒరేయ్ బాబ్జీ, ఆ సీసా ఏంట్రా? మీ అమ్మని పిలవనా?" అని పేరంటాలమ్మ అరిస్తే మెట్లు ఖాళీ. ఇన్నాళ్లూ ఆ పేటలో పెద్దలు లేరనుకున్నాను. వాళ్లకి కూర్చునే చోటు లేదు, అంతే.

నెలన్నర గడిచింది. ఉన్నట్టుండి ప్రభుత్వానికి కొండపేట గుర్తొచ్చి, కాలువ పూడిక తీసే బండిని పంపింది. బండి వెనక్కి వచ్చి నన్ను రెండు ముక్కలు చేసి, కాలువ జోలికి పోకుండా వెళ్లిపోయింది. నన్ను రోడ్డవతల చెత్తకుప్పలో పడేశారు.

మొదటి రోజు నలుగురూ నిలబడ్డారు. రెండోరోజు తాతకి కాళ్లు లాగాయి. ఆడవాళ్లు పనులున్నాయన్నారు. నాలుగోరోజుకి పేరంటాలమ్మ ఒక్కతే, గోడకి ఆనుకుని, మోకాలు పట్టుకుని.

ఆ సాయంత్రమే ఎవరో సర్వే మనిషి కాగితాల అట్టతో వచ్చాడు. చుట్టూ చూశాడు. "పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దలు: ఒక్కరే" అని పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. "ఇలాంటి పేటల్లో ఇంతేనండీ. పిల్లల మీద శ్రద్ధ తక్కువ. మీరేమంటారమ్మా?"

పేరంటాలమ్మ అతని భుజం మీదుగా మెడ సాచింది.

"ఏదో ఒకటి రాసుకో నాయనా. కాస్త పక్కకి జరుగు. మా పిల్ల వచ్చే దారి కనపడట్లేదు."