తాళాలక్కయ్య కిటికీ సీటు

సెలవులొస్తే ఆ బిల్డింగులో వాళ్ళు రెండు పనులు చేస్తారు. ఒకటి, ఊళ్ళు తిరగడానికి పోతారు. రెండు, పోయేముందు ఇంటి తాళంచెవి తెచ్చి గ్రౌండ్ ఫ్లోర్లో తాళాలక్కయ్య చేతిలో పెడతారు. ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు కూడా మొగుడి పేరునే వస్తుంది కాబట్టి ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు.

“అక్కయ్యా, మొక్కలకి కాసిని నీళ్ళు.”

“అక్కయ్యా, చేపలకి చిటికెడు మేత. చిటికెడే సుమండీ. కిందటిసారి మీ చిటికెడు తిని ఒక చేప తిరగడం మానేసింది.”

తిరిగొచ్చాక తాళంచెవి తీసుకుని, బదులుగా ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం బొమ్మ ఒకటి ఇస్తారు. దాంతో రుణం తీరిపోయినట్టే. బట్టలు తెస్తే కొలత తెలియాలి, తినేవి తెస్తే దార్లో వాళ్ళే తినేస్తారు. అయస్కాంతానికి ఆ గొడవల్లేవు. అలా అక్కయ్య ఫ్రిజ్ తలుపు మీద కొండలు, వంతెనలు, ఒక లైట్‌హౌస్, ఒక ఒంటె చేరి, తలుపు బరువెక్కి దానంతటదే తెరుచుకోవడం మొదలుపెట్టింది. పాలు విరిగిపోతే ఆవిడ ఒంటెకేసి చూసేది.

వాటిలో ఒకటి సరస్సు. రెండో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు తెచ్చిన బొమ్మ. నీలం నీళ్ళు, వెనక కొండలు, ముందు చిన్న స్ప్రింగు మీద ఊగే ఎర్ర పడవ. వచ్చిన కొన్నాళ్ళకే పడవ ఊడిపోయింది. అక్కయ్య దాన్ని పారేయకుండా గుండుసూదుల డబ్బాలో దాచింది.

ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా ఫ్రిజ్ ముందు ఆగి, “ఇవన్నీ చూశారా!” అనేవాళ్ళు. మొదట్లో ఆవిడ భర్త, “అబ్బే, మావి కావండీ, వాళ్ళూ వీళ్ళూ ఇచ్చినవి” అనేవాడు. దాంతో మాట అక్కడే చచ్చిపోయేది. ఒకరోజు ఎవరో లైట్‌హౌస్ మీద వేలు పెడితే, “దానికి పొద్దున్నే వెళ్ళాలండీ, ఎండెక్కితే జనం” అన్నాడు. అబద్ధమేం కాదు. ఎండెక్కితే జనం ఎక్కడైనా ఉంటారు. వచ్చినాయన శ్రద్ధగా తలూపాడు. జీవితంలో తన మాటకు ఒకరు తలూపడం ఆయనకు అదే మొదలు. అప్పట్నుంచి బిల్డింగులో ఆయన పేరు గైడు గారు.

ఆయన ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో, ప్రమాదాలు జరిగాక వచ్చే కాగితాలు చూడటం. అందుకని సలహాలన్నీ అటునుంచే వచ్చేవి.

“బస్సులో ముందు కూర్చోకండి, గుద్దేది ముందు భాగమే. వెనక కూర్చోకండి, వచ్చి గుద్దేవాడు వెనకనుంచి గుద్దుతాడు. మధ్యలో కూర్చోకండి, దిగడానికి దారుండదు.”

“మరెక్కడ కూర్చోవాలండీ?”

“అది అనుభవం మీద తెలుస్తుంది.”

ఈ సలహాలు పట్టుకుని జనం కాలికి బలపం కట్టుకుని తిరిగొచ్చేవారు. గైడు గారు మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు. ఆయనకు ఆఫీసు సెలవిచ్చేది అందరికీ సెలవులిచ్చినప్పుడే. అందరికీ సెలవులొస్తే అక్కయ్య చేతికి తాళాలొస్తాయి.

ఆ ఏడు ఒక పొద్దున, ఆయన బూట్లకు పాలిష్ రుద్దుకుంటుంటే అక్కయ్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఏమండీ, ఈసారి ఆ సరస్సుకి వెళ్దాం.”

“సెలవుల్లో రద్దీగా ఉంటుందే.”

“సెలవుల్లో కాకపోతే మీకు సెలవెప్పుడు?”

“అదీ నిజమేననుకో. చూద్దాంలే.”

“పెళ్ళైన కొత్తలో అన్నారు చూద్దామని. ఇంతవరకు చూసింది ఫ్రిజ్ మీదే. ఈసారి వెళ్ళకపోతే ఇక నేను అడగను.”

ఇక అడగదంటే ఎంత హాయి అని ఆయనకు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆవిడ మొహం చూశాక ఆ హాయి నిలవలేదు. సాయంత్రం వస్తూ బస్సు టికెట్లు తెచ్చాడు.

“ఎడమవైపు కిటికీ నీకు. చివరి మలుపు తిరగ్గానే సరస్సంతా ఒక్కసారి కనపడుతుందట. కుడివైపు కూర్చున్నవాడికి బండరాళ్ళే.”

ఇంత కచ్చితమైన సలహా ఆయన నోట ఎన్నడూ రాలేదు. అది డాక్టరు చెప్పిందే.

ఇక మిగిలింది తాళాలు. అక్కయ్య మూడో అంతస్తు టీచరమ్మ దగ్గరికెళ్ళి, ఈసారి తామూ ఊరెళ్తున్నామని చెప్పింది. మెట్లు లేచి నిలబడి మేమూ ఊరెళ్తామన్నంత వింతగా చూసింది టీచరమ్మ.

“మీరూనా? మరి నా మొక్కలు?”

“అదే అడుగుదామని...”

“ఎంత మంచి మాట చెప్పారక్కయ్యా! తప్పకుండా వెళ్ళండి. కొత్త చెప్పులు మాత్రం వేసుకోకండి, కరుస్తాయి. మొక్కల సంగతి ఎవరికి చెప్పారో నాకొక్కమాట చెప్పి వెళ్ళండి.”

పళ్ళ డాక్టరు ఇంకా సంతోషించాడు. సరస్సు దగ్గర ఏ ఒడ్డున నిలబడాలో, ఫొటోలో నవ్వేటప్పుడు ఏ పన్ను కనపడకుండా చూసుకోవాలో కూడా చెప్పాడు. “చేపల్ని వెంట తీసుకెళ్ళలేం కదా అక్కయ్యా” అని నవ్వాడు. అక్కయ్య తన కూతురికి ఫోన్ చేస్తే, “అమ్మా, మేం అత్తయ్యావాళ్ళతో టూరు వెళ్తున్నాం, నీకే చేద్దామనుకుంటున్నా, మా ఇంటి తాళం...” అంది.

పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన ఇంజినీరు గారు ఒక్కరే మిగిలారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోడ్లు వేయించారు. ఇప్పుడు పాల దుకాణం దాటి ఎక్కడికీ వెళ్ళరు.

“దూరపు కొండలు నునుపమ్మా” అన్నారాయన. “దగ్గరికెళ్తే కంకర. ఆ కంకరతోనే నేను రోడ్లేశాను.”

“బాబాయ్ గారూ, మరి తాళాలు...”

“ఇలా పడెయ్యి. నేనెక్కడికి పోతాను?”

అక్కయ్య మెట్లు దిగుతూ పక్కనున్న కమ్మీని గట్టిగా పట్టుకుంది. సంతోషంలో కళ్ళకు మెట్లు కనపడితేగా.

అందరూ తాళాలిచ్చి వెళ్ళాక ఆయన్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. నీళ్ళు ఎన్ని పోయాలో చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళలో తనను ఎవరూ అడగనివి కొన్ని ఆవిడ దగ్గర ఉండిపోయాయి. టీచరమ్మ బాల్కనీలో పేము కుర్చీ చూపించి, “కుడివైపుకి వాలి కూర్చోండి బాబాయ్ గారూ, ఎడమ చెయ్యి ఊడుతుంది. ఎండ వాలేముందు ఎదురింటి వాటర్ ట్యాంకులు బంగారం రంగుకొస్తాయి. అది చూడాలి” అంది.

“చూస్తే ఏముంటుంది?”

“ఏమీ ఉండదు. కాసేపుంటుంది, పోతుంది.”

డాక్టరింట్లో గది లైటార్పి చేపల తొట్టి లైటు ఒక్కటే వేసింది. గోడలన్నీ నీలంగా కదిలాయి. “ఇక్కడ కింద కూర్చోవాలి. సోఫాలో కూర్చుంటే మునిగినట్టుండదు.”

ఇంజినీరు గారు కాసేపు నిలబడి చూశారు. “నువ్వు చాలా దేశాలు తిరిగావమ్మా” అన్నారు.

అక్కయ్యకు సిగ్గేసి లైటు వేసేసింది.

ఆ సాయంత్రం గైడు గారు, తాళాలు ఒప్పుకున్నందుకు నాలుగు మంచిమాటలు చెప్పొద్దామని పైకెళ్ళాడు. నాలుగుతో ఆపే మనిషి కాదు. పైగా జేబులో మొదటిసారి నిజం టికెట్లున్నాయి. పిలవడానికి మెట్లెక్కిన అక్కయ్యకు ఆయన గొంతు వినపడింది.

“ఇన్ని రోడ్లు వేశారు గదా బాబాయ్ గారూ, ఒక్కదాని మీదైనా చివరిదాకా వెళ్ళారా?”

లోపల కుర్చీ కిర్రుమంది.

“ఈ వయసులో కాకపోతే ఎప్పుడండీ? ఈ నాలుగు గోడలూ మీరు లేకపోతే పడిపోతాయా? మనిషన్నాక కదలాలి. కదలని నీళ్ళకు పాచి పడుతుంది.”

అక్కయ్య మెట్ల మీదే నిలబడి, కూసే గాడిద మేసే గాడిదను చెడగొట్టే సామెత ఒకటి గుర్తొచ్చి, మొగుడు గదా అని మరిచిపోయింది. ఆయన అంత బాగా మాట్లాడటం నిజంగానే ఆవిడెప్పుడూ వినలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే టాక్సీ వచ్చింది. అప్పటికే బిల్డింగంతా ఖాళీ. అక్కయ్య పాత చెప్పులే వేసుకుంది. గుండుసూదుల డబ్బాలోంచి ఎర్ర పడవను తీసి పర్సులో పెట్టుకుంది, అసలు పడవది కూడా ఇదే ఎరుపో కాదో చూద్దామని. గైడు గారు గ్యాసు కట్టేశామా లేదా అని మళ్ళీ మళ్ళీ చూస్తుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

ఇంజినీరు గారు దిగొస్తున్నారు. తల మీద టోపీ, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో తాళాల గుత్తి.

“అమ్మాయ్, మీ ఆయన నా కళ్ళు తెరిపించాడు” అన్నారు. “నిన్న రాత్రంతా నిద్రలేదనుకో. నేనూ ఆ సరస్సుకే బయల్దేరాను. బస్సులో సీట్లు లేవన్నారు, స్టాండుకెళ్ళి అడుగుదామని.” గుత్తి ఆవిడ చేతిలో పెట్టి, పైన తన తాళం కూడా పెట్టారు. “మా ఇంట్లో మొక్కలూ చేపలూ ఏమీ లేవమ్మా. కుళాయి ఒకటే కారుతుంది. బకెట్ నిండగానే పారబోస్తే చాలు.”

అక్కయ్య భర్తకేసి చూసింది. ఆయన ఒక్క మాటంటే చాలు. మొక్కలు ఎండితే ఎండనీ అనొచ్చు. తాళాలు బ్యాగులో పడెయ్, పద అనొచ్చు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టున్నా ఫరవాలేదు, ఆ గుత్తి పట్టుకునే బస్సెక్కడానికి ఆవిడ సిద్ధంగా ఉంది.

“టాక్సీవాడు వెయిటింగ్ వేస్తాడు” అన్నాడు గైడు గారు.

గడియారం చూసుకుని, “ఒక పని చేద్దాం” అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఒక పని చేద్దామంటే ఆ పని అక్కయ్యదే. “టికెట్లు వాపసు తీసుకోరు. నువ్వు రాలేవు కాబట్టి ఆ సీటు ఊరికే పోతుంది. బాబాయ్ గారికేమో సీటు లేదు...”

“ఛఛ, అదేం మాటయ్యా! అమ్మాయి రావాల్సిందే!” అన్నారు ఇంజినీరు గారు. ఆయన పెట్టె అప్పటికే టాక్సీ డిక్కీలో ఉంది.

నువ్వు రాలేవు అని ఎప్పుడు తేలిందో అక్కయ్యకు తెలియలేదు. ఆవిడ తన బ్యాగు తీసి గుమ్మం లోపల పెట్టింది.

“ఎడమవైపు కిటికీ బాబాయ్ గారూ. చివరి మలుపులో చూడండి.”

“నీకు ప్రయాణాలు పడవులే” అన్నాడు భర్త, టాక్సీ ఎక్కుతూ. ఎన్నడూ ప్రయాణం చేయని మనిషికి పడదని ఎలా తెలిసిందో ఇన్సూరెన్స్ వాళ్ళకే తెలియాలి.

తర్వాత రోజులన్నీ ఎప్పటిలాగే గడిచాయి. మొక్కలకు నీళ్ళు పోసింది. ట్యాంకులు బంగారం రంగుకొచ్చాయి. ఆ వేళకు ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. పై అంతస్తులో బకెట్ పారబోయడానికి వెళ్ళినప్పుడు మాత్రం ఇంజినీరు గారి బాల్కనీలోకి తొంగిచూసింది. అన్నిటికన్నా ఎత్తు అదే. ఊరు దాటి పోయే రోడ్డు, దాని మీద బస్సులు. చూస్తూ నిలబడింది. వెనక బకెట్ నిండి గదంతా నీళ్ళయ్యాయి. తుడిచేసరికి పొద్దు గడిచింది.

ఆఖరి రోజు డాక్టరింట్లో చేపలకు మేత వేస్తూ, పర్సులోంచి ఎర్ర పడవ తీసి నీళ్ళ మీద వదిలింది. అది మునిగిపోయింది. ఒక చేప వచ్చి మూతితో పొడిచి చూసి, తినేది కాదని వెళ్ళిపోయింది.

గైడు గారు ముక్కు మీద చర్మం ఊడి, మంచి హుషారుగా వచ్చాడు. వస్తూనే ఆవిడ చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టాడు. విప్పితే అయస్కాంతం. సరస్సు, కొండలు, ఎర్ర పడవ.

“డాక్టరు కొన్న కొట్లోనే కొన్నా. ఈసారి పడవ ఊడదు, లాగి చూసి మరీ తెచ్చా.”

“ఎలా ఉంది?”

“రద్దీ.” బూట్లు విప్పుతూ ఆలోచించాడు. “బాబాయ్ గారు ఎక్కీ ఎక్కగానే నిద్రపోయాడు. చివరి మలుపులో లేపా. లేవలేదు. ఆయన టోపీ అడ్డమొచ్చి నాకూ సరిగ్గా కనపడలేదు.”

అక్కయ్య ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది. ఖాళీ లేక ఒంటెను కాస్త పక్కకు జరిపి అంటించింది. తలుపు మెల్లగా తెరుచుకుంది.

“వచ్చే ఏడు మనిద్దరం తప్పకుండా వెళ్దాం” అన్నాడు వెనకనుంచి. “ఇప్పుడు దారి తెలిసింది కదా.”

ఆవిడ ఏదో ఒకటి అంటుందని, కనీసం దెప్పుతుందని కాసేపు ఎదురుచూశాడు. ఆవిడ తలుపు మూసి, అది మళ్ళీ తెరుచుకోకుండా కుర్చీ ఒకటి అడ్డం పెట్టింది.

అడగనన్న మాట ఆవిడ నిలబెట్టుకుంది. మళ్ళీ సెలవులొచ్చాయి. వెళ్దామని గైడు గారూ అనలేదు. పై అంతస్తులో ఆయనా ఇంజినీరు గారూ కలిసి వచ్చేపోయేవాళ్ళకు సరస్సు గురించి చెబుతున్నారు. కూసే గాడిదలు ఇప్పుడు రెండయ్యాయి. ఒకరోజు మొదటి అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి వచ్చి ఫ్రిజ్ ముందు ఆగింది.

“మేం ఇక్కడికే వెళ్తున్నాం అక్కయ్యా” అంటూ సరస్సు మీద వేలు పెట్టింది. “ఎలా ఉంటుంది? మీరు చూశారు కదా?”

వంటింట్లో ఇంకెవరూ లేరు. అక్కయ్య చేతులు తుడుచుకుంది.

“బాగుంటుందమ్మా” అంది. “ఎడమవైపు కిటికీ అడిగి తీసుకో. చివరి మలుపులో నిద్రపోకు. వెళ్ళేముందు తాళం ఇచ్చి వెళ్ళు.”