పది రేకుల పందెం

తెల్లారితే ఆషాఢం. సాయంత్రానికల్లా సుప్రియ తణుకులో పుట్టింటికి వెళ్ళాలి. తీసుకెళ్ళే డబ్బాలో తను తీసిన పూతరేకులే ఉండాలని పెళ్ళయిన ఈ రెండు నెలలుగా ఆమె ఆశ. డిగ్రీ అయితే చేసింది గానీ, అమ్మకి ఇంతవరకూ కాఫీ తప్ప ఏమీ చేసిపెట్టలేదు.

కానీ ఆత్రేయపురంలోని అత్తింట్లో, రేకులు తీసే బోర్లించిన కుండ ముందు ఆరేళ్ళుగా కూర్చునేది తోడికోడలు వెంకటదుర్గ.

"చిరక్కుండా పది రేకులు నాకంటే ముందు తియ్యి. నీ రేకులే పట్టుకెళ్దువుగాని," అందావిడ.

"ఓడిపోతే అలగకూడదక్కా."

"నిన్నటిదాకా నీ రేకులన్నీ జల్లెడలే. ఎవరలుగుతారో చూద్దాం."

రెండు పొయ్యిల్లో ఎండు కొబ్బరాకులు అంటుకున్నాయి. బియ్యప్పిండి జావలో ముంచిన పల్చటి గుడ్డను వేడి కుండ మీద ఒక్కసారి లాగితే ఉల్లిపొర లాంటి రేకు వస్తుంది. సుప్రియవి మొదటి రెండూ చిరిగాయి. పక్కకి చూసింది. అక్క గుడ్డను లాగడం లేదు, జారనిస్తోంది. తనూ జారనిచ్చింది. ఒకటి, రెండు, ఐదు. వెంకటదుర్గ కొంగు బిగించింది. తనని చూసి అక్క కొంగు బిగించిందని సుప్రియ పొంగిపోయింది.

చెరో తొమ్మిదయ్యాయి. అప్పుడొచ్చాడు సుప్రియ భర్త ఉదయ్‌కుమార్. చెమటలో తడిసిన భార్య మొహం చూసి కరిగిపోయి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి వేశాడు. పద్దెనిమిది రేకులూ లేచి చూరుకీ, అతని జుట్టుకీ అంటుకున్నాయి.

"మీ ఆయన ప్రేమ రేకుల ప్రాణానికొచ్చింది," అంది వెంకటదుర్గ.

"మా ఆయన తప్పు కాబట్టి నేనే ఓడిపోయినట్టక్కా."

"ఫ్యాను గెలిపిస్తే నాకెందుకు? మళ్ళీ మొదటినుంచి తియ్యి."

ఈసారి ఆవిడవి పది, సుప్రియవి ఎనిమిది.

"నా కుండ కొత్తది కదక్కా," అని నసిగింది సుప్రియ.

వెంకటదుర్గ తన రేకులతో డబ్బా నింపింది. సాయంత్రం సుప్రియ బైక్ ఎక్కాక, ఆరేళ్ళ మంటకి నల్లబడ్డ తన కుండను గోనెగుడ్డలో చుట్టి ఆమె ఒళ్ళో పెట్టింది.

"నీ కొత్త కుండని ఈ నెల్లాళ్ళూ నేను మంట మీద దారికి తెస్తాను. శ్రావణంలో మళ్ళీ పందెం. ఇంక కుండని అనడానికి లేదు."

డబ్బాలోవి అక్కవైతేనేం, రేపు అమ్మ కళ్ళముందే తను తీస్తుంది. సుప్రియ కుండని రెండు చేతులా వాటేసుకుంది.

"గతుకులున్నాయి, నన్ను పట్టుకో," అన్నాడు ఉదయ్‌కుమార్.

"చేతులు ఖాళీ లేవండి. మెల్లిగా పోనివ్వండి."