చివరి వరసకి గుసగుస

మా మ్యూజియం డైరెక్టరుగారికి రాళ్ళంటే పిచ్చి. కొండవాలులో అర్ధచంద్రాకారంగా మెట్లు తొలిచిన ప్రాచీన నాటకశాల ఒకటి ఉంది, సగం కూలిపోయింది. దాన్ని కంప్యూటర్లో మళ్ళీ కట్టి, అప్పట్లో అక్కడ మాట ఎలా వినిపించేదో ఇప్పటి జనానికి వినిపించడం మా పని. వేదిక మీద గుసగుసలాడినా ఆఖరి మెట్టు మీదివాడికి వినపడేదని ఎవరో ఎప్పుడో అన్నారట. ఈయన ఆ మాట పట్టుకుని వేలాడుతున్నారు.

కొలతలన్నీ నావే. ఏ రాయి శబ్దాన్ని ఎంత తిప్పికొడుతుందో, ఏ మూల ఎంత మింగేస్తుందో లెక్కగట్టి మోడల్ తయారుచేశాను. ఇక అందులో పెట్టడానికి ఒక గొంతు కావాలి.

“మీ అమ్మగారు నాటకాల్లో వేసేవారుగా, ఆవిడ్ని తీసుకురా,” అన్నారు డైరెక్టరుగారు.

అమ్మ మైకుల్లేని రోజుల నటి. మైకులొచ్చాక “మీ గొంతు మరీ పెద్దదమ్మా” అని పక్కన పెట్టేశారు. ఆ మాట అమ్మ మరిచిపోలేదు, ఇంట్లో ఎవర్నీ మరిచిపోనివ్వలేదు.

రికార్డింగు గదిలో గోడలకీ కప్పుకీ నేలకీ అంతా స్పాంజే. అక్కడ ప్రతిధ్వని అనేదే ఉండదు. ఉంటే మా నాటకశాల ప్రతిధ్వనితో కలిసి అంతా గందరగోళమైపోతుంది. అమ్మ లోపల ఒక్క మాట అని మొహం చిట్లించింది.

“ఇదేం గదే? ఎంత మాట్లాడినా బదులు రాదు. మీ నాన్నతో కాపురంలా ఉంది.”

“గుసగుసగా చెప్పండమ్మా,” అన్నారు డైరెక్టరుగారు బయటినుంచి.

“తలుపు తియ్యకు. వచ్చింది వాడే,” అంది అమ్మ. ఆవిడ పాత నాటకంలో మాట అది. నా ఒళ్ళు జలదరించింది.

దాన్ని మోడల్లో పెట్టి, ఆఖరి మెట్టు మీద కూర్చున్నట్టు హెడ్‌ఫోన్సులో విన్నాం. అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

“చూశావా! రాళ్ళ మహిమ!” అని గంతేశారాయన.

నాకు మాత్రం తేడా కొట్టింది. నా లెక్క ప్రకారం గుసగుస మూడో మెట్టు దాటకూడదు. మోడల్ని పీకి పందిరేసినా తప్పు దొరకలేదు. చివరికి అమ్మ రికార్డింగునే కొలిచాను. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే దానికన్నా గట్టిగా ఉంది ఆ గుసగుస!

“అదేం గుసగుసమ్మా?” అని ఇంటికెళ్ళి అడిగాను.

అమ్మ కూర తరుగుతూ తలెత్తలేదు. “చివరి వరసకి వినపడని గుసగుస ఎందుకే? పొట్టలోంచి ఊపిరి తోసి, ప్రతి అక్షరాన్నీ పళ్ళతో కొరికి వదలాలి. అది పట్టుబడేసరికి నా వయసంతా పోయింది.”

మైకు సరిచూసేటప్పుడు డైరెక్టరుగారు గుసగుసగా అన్న “హలో, వినపడుతోందా” ముక్క నా దగ్గర ఉంది. దాన్ని కూడా మోడల్లో పెట్టి ఆయనకే వినిపించాను. పై మెట్టు మీద చడీచప్పుడూ లేదు.

“‘ఈ రాళ్ళ మధ్య గుసగుస కూడా చివరి వరసకి చేరుతుంది’ అని ఫలకం చెక్కించేశాం,” అన్నారాయన. “గొంతు ఎవరిదైతే ఏంటి? జనం వచ్చేది రాళ్ళకోసం.”

“ఆ పని చేసింది రాళ్ళు కాదు సార్, మా అమ్మ. ఆవిడ పేరు రాయండి. అది ఎలాంటి గుసగుసో కూడా రాయండి.”

“ఇక్కడ ఉద్యోగం చేస్తున్నావా, మీ అమ్మ తరఫున వకాల్తా పుచ్చుకున్నావా?”

“రెండూ సార్.”

నా ఒళ్ళు మండిపోయింది. అప్పుడు మైకులొచ్చి అమ్మని ఇంట్లో కూర్చోబెట్టాయి. ఇప్పుడు ఆవిడ విద్యని రాళ్ళ పేరిట రాసేస్తారట!

ప్రదర్శన ప్రారంభోత్సవానికి మ్యూజియం హాలు నిండిపోయింది. నేలంతా తివాచీ, గోడలకి మందపాటి తెరలు, మెత్తటి కుర్చీలు. డైరెక్టరుగారు రాళ్ళని తెగ పొగిడి, వినిపించమని నాకు సైగ చేశారు. నేను ముందు ఆయన ముక్కే పెట్టాను. స్పీకర్లలోంచి ఏమీ రాలేదు.

“ఇది ఆఖరి మెట్టు మీద మా డైరెక్టరుగారి గుసగుస,” అన్నాను. “ఇప్పుడు మా అమ్మది వినండి. రాళ్ళు మాత్రం అవే.”

జనం ఘొల్లుమన్నారు. రెండోది పెట్టేలోపే ఆయన వచ్చి స్పీకర్ల స్విచ్చి కట్టేశారు. “చిన్న సాంకేతిక లోపం,” అన్నారు అందరికీ వినపడేలా, నవ్వు పులుముకుంటూ.

ముందు వరసలోంచి అమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని వేదిక ఎక్కింది. మూగబోయిన మైకుని పక్కకి జరిపి, ఊపిరి పీల్చుకుని, గుసగుసగా అంది.

“తలుపు తియ్యకు. వచ్చింది వాడే.”

హాలు చివర తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసిన వాచ్‌మన్ ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు.

అమ్మ డైరెక్టరుగారి వైపు తిరిగి అదే గుసగుసతో అడిగింది. “ఇక్కడ రాళ్ళేవీ బాబూ?”

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్ల మధ్య ఆయన నా చెవి దగ్గరికి వంగి అన్నారు. “రేపట్నించి నువ్వు రానక్కర్లేదు.”

ఆ గుసగుస నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగాను. పొట్టలోంచి ఊపిరి తోసి, ప్రతి అక్షరాన్నీ పళ్ళతో కొరికి, చివరి వరసకి చేరేలా వదిలాను.

“రేపట్నించి నన్ను రావద్దంటున్నారు!”