గోడదాకా పోయే పసుపు గీత

నేను ఒక పసుపు గీతను. నాకు ఏదో గాలి సోకిందని, నన్ను నమ్ముకుని వచ్చినవాళ్ళు ఎటు పోతారో తెలియదని, మా పక్కనే పోయే ఎర్ర గీత నీలం గీతతో అందట. నీలం గీత నోట్లో మాట దాగదు. క్యాంటీను మలుపులో నన్ను ఆనుకుని పోతూ అంతా చెప్పేసింది. ఎర్ర గీతకు మొదటి నుంచీ పొగరే. అది అత్యవసర విభాగానికి పోతుంది, దాని మీద జనం పరిగెత్తుతారు. నా మీద నడుస్తారు, అదీ కడుపు పట్టుకుని.

ఈ జిల్లా ఆసుపత్రిలో ఒకప్పుడు దారులన్నీ గోడల మీదే ఉండేవి. ఎక్కడ చూసినా బోర్డులు. అప్పుడు పట్నం నుంచి వైజయంతి అనే అమ్మాయి వచ్చింది. ఎక్కడ ఏ గుర్తు పెడితే మనిషి దారి తప్పడో, ఆ చదువు చదువుకుంది. వచ్చీ రాగానే రంగు డబ్బా తెరవలేదు. ఓపీ కిటికీ పక్కన బెంచీ మీద కొన్నాళ్ళు ఊరికే కూర్చుంది. జనం బోర్డు కిందే నిలబడి, బోర్డు వంక చూడకుండా పక్కవాణ్ణి దారి అడగటం చూసింది. ఇలాంటి చోట మనవాళ్ళకు తలెత్తటం కన్నా తలదించుకు నడవటమే అలవాటని ఆమెకు తెలిసింది. దారిని తీసుకొచ్చి నేల మీద పెట్టింది.

జిలానీ అనే పెయింటరు మోకాళ్ళ మీద పాకుతూ, టేపు అంటిస్తూ నన్ను లాగాడు. ఓపీ కిటికీ దగ్గర మొదలై, మందుల గది దాటి, రెండు మలుపులు తిరిగి స్కానింగ్ గది గుమ్మంలో ఆగాను. అక్కడ గీసిన బాణం గుర్తే నా తల. మిగతా వస్తువులు చేతులు మారతాయంటారు. నా మీద కాళ్ళు మారాయి. పగిలిన మడమలు, బురద చెప్పులు, పెళ్ళినాటి పారాణి ఇంకా పోని పాదాలు. ఎవరినీ ఒక్క అడుగు పక్కకు పోనివ్వలేదు.

తర్వాత పెరటి వైపు కొత్త భవనం లేచింది. స్కానింగ్ మిషను అక్కడికి పోయింది. పాత గది గుమ్మం పీకేసి, ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, మీగడ రంగు వేశారు. గోడలు ఒక కాంట్రాక్టరువి, నేల ఇంకొకరిది. గోడల కాంట్రాక్టరు నా ముక్కు దాకా వచ్చి, నేల తనది కాదు గనక ఆగిపోయాడు. నేల కాంట్రాక్టరు ఇంకా రావాలి.

అప్పటి నుంచీ నా తల గోడకు గుచ్చుకుని ఉంది. వెనక్కి తిరగలేను. పక్కకు ఒరగలేను. నాకు వచ్చిన మాట ఒక్కటే: ఇటే రండి. అబద్ధమని తెలిసీ అదే చెబుతూ పడి ఉన్నాను.

ఊడ్చే దానమ్మ ఉండబట్టి ఇన్నాళ్ళు గడిచింది. చీపురు ఊపుతూ అందరినీ తోలేది. "ఇటు గాదమ్మా, ఈ గీత సచ్చి ఏడాదయింది. కొత్త బిల్డింగుకు పోండి."

ఒక రోజు పై అధికారి తనిఖీకి వస్తున్నాడని దానమ్మను ముందు వరండా కడగమన్నారు. ఆ పూటే గురవమ్మ తన కూతురు భవానిని తీసుకొచ్చింది. తొమ్మిదో నెల. తెల్లారిన దగ్గర నుంచీ కడుపులో బిడ్డ కదలలేదు. డాక్టరమ్మ చీటీ రాసి, వెంటనే స్కానింగ్ తీయించుకుని రమ్మంది. కిటికీలో నర్సు తలెత్తకుండా, పాత అలవాటు కొద్దీ, "పసుపు గీత పట్టుకుపోండి" అంది.

వాళ్ళు వచ్చేసరికి గోడ ముందు ఒక ముసలాయన చతికిలబడి ఉన్నాడు.

"స్కానింగుకేనా పెద్దాయనా?" అంది గురవమ్మ.

"దానికేనమ్మా. గీత ఈడికేగా వచ్చింది."

"ఇంకా పిలవలేదా?"

"టయానికి పిలుస్తారు. కూకో."

ఒకరు కూర్చున్నాక రెండోవాళ్ళకు అనుమానం రాదు. మూడోవాళ్ళు వచ్చి "ఆఖరు ఎవరు?" అని అడిగారు. చూస్తుండగానే వరస పెరిగింది. నిలబడలేనివాళ్ళు తమ చోట్లో చెప్పులు విడిచి పక్కన కూర్చున్నారు. ఒకాయన టీ తాగి వచ్చి, తన చెప్పులు ముందు నుంచే ఉన్నాయన్నాడు.

"నీ చెప్పులు ఎప్పుడొచ్చినయ్యో మేం చూళ్ళేదా?" అంది చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె. "అంత తొందరైతే నీ చెప్పులకే తీయించుకో స్కానింగు."

అందరూ నవ్వారు. గురవమ్మ నవ్వలేదు. "మా పిల్లకి కడుపులో బిడ్డ మెదలటం లేదయ్యా. కాస్త ముందు పోనీయండి," అంది.

టీ తాగినాయన తన చెప్పులు తనే వెనక్కి లాక్కున్నాడు. ముసలాయన గోడ పట్టుకుని లేచి చోటిచ్చాడు. అంత మంచి మనుషులు అందరూ కలిసి ఆ పిల్లను నడిపించుకొచ్చి గోడకు ఆనించారు.

భవాని పాదం నా బాణం మీద పడింది. చల్లగా ఉంది.

"అమ్మా, ఇంకా కదల్లేదే."

"పిలుస్తార్లే. ముందు మనమేగా. నీళ్ళు తాగు."

నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నేలకు అంటించిన రంగును, ఆమె కాలికింద అలాగే పడి ఉన్నాను.

తనిఖీ జీపు వెళ్ళిపోయాక దానమ్మ బకెట్టుతో తిరిగొచ్చింది. వరసను చూసింది, గోడను చూసింది, భవాని ముఖం చూసింది. బకెట్టు అక్కడే వదిలేసింది. ఎవరినీ ఏమీ అడగకుండా మందుల గది ముందున్న ట్రాలీ లాక్కొచ్చి, భవానిని ఎక్కించి తోసుకుపోయింది. వెనక గురవమ్మ. ఆ వెనక చెప్పులు చేతబట్టుకుని మిగతా జనం.

మధ్యాహ్నం కబురు తెచ్చింది ఎర్ర గీత. మొదటిసారి దాని గొంతులో పొగరు లేదు. కడుపులో బిడ్డ గుండె మెల్లగా కొట్టుకుంటోందట. ఆపరేషను చేసి తీశారట. ఆడపిల్ల. చాలాసేపటికి గాని ఏడవలేదట. గాజుపెట్టెలో పెట్టారట, ఇంకా ఏమీ చెప్పలేమన్నారట.

సాయంత్రం సూపరింటెండెంటూ ఇంజనీరూ గోడ దగ్గరికి వచ్చారు. ఇంజనీరు బూటు కొసతో నన్ను గీకి, రేపే చెరిపిస్తానన్నాడు. నాకు దుఃఖం రాలేదు. అప్పుడే గురవమ్మ మరిచిపోయిన సంచి కోసం వచ్చింది. సూపరింటెండెంటు ఆమెను ఆపాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఇంతమంది ఉన్నారు కదమ్మా. ఎదురుగా గోడ. ఒక్కళ్ళకీ కనపడలేదా?"

గురవమ్మ సంచి భుజాన వేసుకుంది.

"కనపడకేం సారూ. మేం ఎప్పుడొచ్చినా మీ తలుపులు మూసే ఉంటయ్. ఇదీ తెరుస్తారనుకున్నాం."